పలక మీద పేరు: బొటానికల్ గార్డెన్లు, మన చెట్లు
(మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 మన సమావేశాల్లో ఎప్పుడూ మన పాట గురించి, థింసా గురించి, భాష గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి చెట్ల గురించి మాట్లాడదామని అనుకున్నాం. అడవిలో చెట్ల గురించి కాదు. పట్నంలో గోడ కట్టి, గేటు పెట్టి, నంబరు వేసి పెంచే చెట్ల గురించి. అంటే బొటానికల్ గార్డెన్ల గురించి.

"మనకు అడవే ఉంది కదా, ఆ తోటలతో మనకేం పని?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. మొదట్లో మాకూ అలాగే అనిపించింది. ఒక ప్రయాణం తర్వాత మా ఆలోచన మారింది. ముందు ఆ సంగతి చెబుతాం.

కొన్నేళ్ల కిందట మా సంఘం వాళ్లం, ఊరి పెద్దలు కొందరం కలిసి మైదానంలో ఉన్న ఒక బొటానికల్ గార్డెన్ చూడడానికి వెళ్లాం. మాతో ఒక అవ్వ వచ్చింది. చదువుకోలేదు. మందు చెట్ల విషయంలో మాత్రం మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆమే దిక్కు. మేమంతా పలకలు చదువుకుంటూ నడుస్తున్నాం. ఆమె పలకలు చూడలేదు, చెట్లను తడుముకుంటూ వస్తోంది. ఒకచోట ఆగి, "దీని పేరేం రాశారు?" అని అడిగింది. "నల్లమద్ది అని ఉంది అవ్వా" అన్నాం. ఆమె నవ్వింది. "నల్లమద్ది అయితే మొసలి వీపులా పగుళ్లు పగుళ్లుగా ఉండాలి కదా. ఇది చేత్తో రాస్తే నున్నగా ఉంది, తెల్లగా ఉంది. ఇది తెల్లమద్ది" అంది.

అక్కడ పనిచేసే బాబును పిలిచాం. ఆయన మంచివాడు. కోపం తెచ్చుకోలేదు. లోపలికి వెళ్లి పెద్ద రిజిస్టరు తెచ్చాడు. చెట్టు కింద ఉన్న రేకు మీది నంబరు చూశాడు, రిజిస్టర్లో ఆ నంబరు వెతికాడు. రిజిస్టర్లో తెల్లమద్ది అనే ఉంది. గాలివానకు పలకలు పడిపోతే మళ్లీ పెట్టేటప్పుడు ఒకదాని పలక ఒకదానికి మారిందట. "మంచిపని చేశావమ్మా" అన్నాడు. మరుసటేడు మేము వెళ్లేసరికి పలక సరిగ్గా ఉంది. సంతోషమే. కానీ తప్పును పట్టుకున్నది ఎవరో ఆ పలక మీదా లేదు, ఆ రిజిస్టర్లోనూ లేదు. మన పోర్జ, గదబ, కువి, కొండ భాషల్లో ఆ చెట్టును ఏమంటారో కూడా లేదు.

ఈ చిన్న సంగతిలో మనం మాట్లాడుకోవాల్సిందంతా ఉంది. ఒకటి, రిజిస్టరు ఉండబట్టే తప్పు దొరికింది. రెండు, చెట్టును చేత్తో గుర్తుపట్టే మనిషి ఉండబట్టే ఆ రిజిస్టరు తెరిచారు. మూడు, ఆ మనిషి పేరు ఎక్కడా మిగల్లేదు.

బొటానికల్ గార్డెన్ అంటే పార్కు కాదు. పార్కులో చెట్టు నీడకో అందానికో ఉంటుంది. గార్డెన్లో ప్రతి మొక్క వెనకా ఒక చరిత్ర రాసి ఉండాలి. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఏ కొండ, ఏ వాగు పక్కన, ఎవరు తెచ్చారు, ఏ తేదీన తెచ్చారు, విత్తనమా, కొమ్మా, అంటా. లోపలికి వచ్చిన రోజే దానికో నంబరు ఇస్తారు. ఆ మొక్క చచ్చిపోయినా ఆ నంబరు ఇంకో మొక్కకు ఇవ్వరు. మొక్కకు పూత ఎప్పుడు, కాయ ఎప్పుడు, తెగులు ఎప్పుడు వచ్చిందీ రాస్తారు. ఆకూ పువ్వూ ఉన్న చిన్న కొమ్మను ఎండబెట్టి అట్ట మీద అతికించి దాచుతారు, రేపు అనుమానం వస్తే పోల్చి చూడడానికి. ఇవన్నీ ఉంటేనే అది బొటానికల్ గార్డెన్. ఇవి లేకపోతే ఎంత పెద్ద తోటైనా తోటే.

ఇటలీలో పాడువా అనే ఊళ్లో 1545లో పెట్టిన మందుమొక్కల తోట ఇప్పటికీ అదే చోట ఉంది. మన దేశంలో కలకత్తా పక్కన హౌరాలో 1787లో మొదలైన గార్డెన్ ఉంది. ఇప్పుడు దాన్ని ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరుతో పిలుస్తున్నారు. అక్కడి మహా మర్రిని మీరు పుస్తకాల్లో చూసే ఉంటారు. దాని అసలు మాను జబ్బు పట్టి కుళ్లిపోతే 1925లో తీసేశారు. అయినా వేల ఊడల మీద చెట్టు బతికే ఉంది. ప్రపంచంలోని గార్డెన్లన్నీ కలిపి లక్షకు పైగా మొక్కల జాతులను సజీవంగా పెంచుతున్నాయి. మనుషులకు తెలిసిన మొక్కల్లో అది దాదాపు మూడో వంతు. అయితే ఆ గార్డెన్లలో ఎక్కువ భాగం చలిదేశాల్లోనే ఉన్నాయి. మొక్కల రకాలు ఎక్కువ ఉన్నది మనలాంటి వేడిదేశాల్లో. ఈ తేడా గుర్తుంచుకోండి.

"విత్తనాలు దాచుకుంటే చాలదా, చెట్టునే పెంచడం ఎందుకు?" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు మేము మా చేతకానితనం నుంచి నేర్చుకున్నాం. ఒక ఏడాది జూన్‌లో రాలిన గుగ్గిలం గింజలను పిల్లలతో ఏరించాం. పాలిథిన్ సంచులు ఆలస్యంగా వస్తాయంటే, గింజలు ఒక గదిలో ఆరబోసి ఇరవై రోజులు ఉంచాం. సంచులు వచ్చాక నాటాం. ఒక్కటీ మొలవలేదు. అవ్వను అడిగితే, "గుగ్గిలం గింజ నేల కోసం కాచుకుని ఉంటుందా? వాన పడిన వారంలో మట్టి తగలకపోతే చచ్చిపోతుంది" అంది.

శాస్త్రం చెప్పేదీ అదే. రాగి, సామ, కొర్ర లాంటి గింజలు ఎండబెట్టి చల్లగా దాస్తే ఏళ్ల తరబడి బతుకుతాయి. గుగ్గిలం, మామిడి, పనస లాంటి వాటి గింజలు ఎండితే చస్తాయి, గడ్డకట్టే చలిలో పెట్టినా చస్తాయి. వాటిని సీసాలో దాచే దారి లేదు. వాటికి దాపు అంటే బతికున్న చెట్టే. అందుకే సజీవ సేకరణ కావాలి. మన పెద్దలు కొత్తల పండుగ చేసేదాకా మామిడికాయ ముట్టుకోనివ్వరు కదా. దేవుడికి పెట్టడం దాని భక్తి. కాయ ముదిరి, టెంక గట్టిపడి, లోపలి విత్తనం మొలిచే స్థితికి వచ్చేదాకా ఆగడం దానిలోని తెలివి. గార్డెన్ లేని రోజుల్లో మనకు ఆ కట్టుబాటే గార్డెన్.

అయితే గార్డెన్ అన్నిటినీ కాపాడుతుందని అనుకోవద్దు. దక్షిణాఫ్రికాలో జులూ ప్రజల నేలలో న్గోయే అనే అడవి ఉంది. అక్కడ 1895లో జాన్ మెడ్లీ వుడ్ అనే ఆయనకు ఈతచెట్టులా కనిపించే ఒక సైకాడ్ చెట్టు దొరికింది. ఆ జాతికి ఎన్సెఫలార్టోస్ వుడీ అని ఆయన పేరే పెట్టారు. ఈ జాతిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. దొరికింది మగది. ఆ తర్వాత ఎంత వెతికినా ఆడది దొరకలేదు. ఆ మగచెట్టు పిలకలనే తీసి ఇప్పటికీ లండన్‌లోని క్యూ గార్డెన్‌లోనూ, ఇంకా చాలా దేశాల్లోనూ పెంచుతున్నారు. అన్నీ ఒకే చెట్టు పిలకలు. అన్నీ మగవే. అవి వందేళ్లకు పైగా గార్డెన్లలో క్షేమంగా ఉన్నాయి. కానీ వాటికి విత్తనం లేదు, సంతానం లేదు. అడవిలో ఇప్పుడు ఆ చెట్టు లేనే లేదు.

మన దగ్గరా అదే కుటుంబానికి దగ్గర బంధువు ఒకటుంది. తిరుపతి, కడప వైపు కొండల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమి. దానిలోనూ ఆడ, మగ వేరు. దాని మగ పువ్వులను మందుకని కోసుకుపోతుంటారు. మగ పువ్వులన్నీ కోస్తే ఆడ చెట్టుకు విత్తనం ఎక్కడి నుంచి వస్తుంది? అలాగే మన కొండల నరమామిడి. అగరబత్తీల పొడి కోసం బెరడు ఒలిచి ఒలిచి మన ఊళ్ల చుట్టూ పెద్ద చెట్లు లేకుండా చేశాం. వ్యాపారి అడిగాడు నిజమే, గొడ్డలి పట్టింది మన చెయ్యే. గార్డెన్లో రెండు నరమామిడి మొక్కలు ఉన్నంత మాత్రాన కొండ మీద నరమామిడి ఉన్నట్టు కాదు. ఒక జాతి బతకాలంటే చాలా తల్లిచెట్ల విత్తనాలు కావాలి, వాటి పురుగులు, పిట్టలు, నేల కావాలి. గార్డెన్ చేసేది కష్టకాలంలో ఊపిరి నిలపడం. కాపురం మాత్రం అడవిలోనే.

ఇక చరిత్ర. ఈ చరిత్ర మన గుమ్మం దగ్గరే మొదలవుతుంది.

విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో 1776లో మద్రాసు వచ్చాడు. 1781 ప్రాంతంలో సామర్లకోటకు మారి అక్కడ కంపెనీ కోసం ఒక తోట పెంచాడు. కాఫీ, మిరియాలు, దాల్చిన చెక్క, రంగుల మొక్కలు, ఏవి లాభసాటిగా పెరుగుతాయో చూడడం ఆయన పని. సామర్లకోటకు ఎగువన ఉన్న కొండలు మనవే. ఆ కొండల్లో అడవి మిరియాల తీగలు ఉన్నాయని ఆయన కంపెనీకి రాశాడు. ఇవాళ మన కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకిస్తున్నాం కదా, మన కొండ మిరియం మీద కంపెనీ కన్ను పడి రెండు వందల ఏళ్లు దాటింది.

ఆయన మొక్కల బొమ్మలు వేయించి, వివరాలు రాసి లండన్‌కు పంపాడు. కోరమాండల్ తీరపు మొక్కలు అనే ఆ పుస్తకం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో వచ్చింది. 1793లో ఆయన కలకత్తా గార్డెన్‌కు అధికారిగా వెళ్లాడు. 1814లో అచ్చయిన ఆ గార్డెన్ జాబితాలో సుమారు 3,500 మొక్కలున్నాయి. పెద్ద పని చేశాడు, కాదనం. మీరు ఏ గార్డెన్‌లో పలక చూసినా శాస్త్రీయ నామం చివర "రాక్స్‌బ." అని పొట్టిగా ఉంటే అది ఈయన పేరే. మన తునికి చెట్టు, డయోస్పైరస్ మెలనోక్సిలాన్, ఆయన పేరు పెట్టిందే. నల్లని చేవ ఉన్నది అని దాని అర్థం. మన ఇప్పను కూడా ఆయన శాస్త్రం కోసం వర్ణించాడు.

ఒక పేరు మాత్రం ప్రత్యేకం. మన అడవుల్లో సోమిద చెట్టు ఉంది. దాని బెరడు జ్వరానికి వాడేవారు. రాక్స్‌బర్గ్ దాన్ని నమోదు చేస్తూ తెలుగువాళ్లు దీన్ని సోమిద అంటారని రాసుకున్నాడు. తర్వాత శాస్త్రవేత్తలు ఆ జాతికి సోయ్‌మిడా అనే పేరే ఖాయం చేశారు. ఇవాళ ప్రపంచంలో ఏ దేశం వాడైనా ఆ చెట్టును సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా అనాల్సిందే. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది. పేరు మన నేలది, గుణం మన వాళ్లు చెప్పింది. కానీ ఆ బెరడు చూపించి "ఇది జ్వరానికి మంచిది దొరా" అని చెప్పిన మనిషి ఎవరు? తెలియదు. ఆయన కోసం వేలకొద్దీ బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులే. వాళ్లలో చాలామంది పేర్లు కూడా మిగల్లేదు. కొండ ఎక్కించిన వాడు, కొమ్మ వంచిన వాడు, పేరు చెప్పిన ముసలమ్మ, అందరూ "స్థానికులు" అయిపోయారు.

ఇది మన ఒక్కరి కథే కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో సింకోనా చెట్టు ఉంది. దాని బెరడు నుంచే మలేరియా మందు క్వినైన్ వచ్చింది. మలేరియా అంటే మనకు చెప్పక్కర్లేదు, మన్యం జ్వరానికి ఎన్ని కుటుంబాలు తుడిచిపెట్టుకుపోయాయో మన తాతలకు తెలుసు. ఇంగ్లీషు వాళ్లు క్యూ గార్డెన్ సాయంతో 1860 ప్రాంతంలో ఆ చెట్టు మొక్కలను, విత్తనాలను తెప్పించి నీలగిరి కొండల్లో నాటించారు. ఊటీ బొటానికల్ గార్డెన్ అధికారి మెక్‌ఐవర్ ఆ పని చూశాడు. ఊటీ గార్డెన్‌కు వెళితే పై కొసకు నడిచి చూడండి, అక్కడ తోడా ఆదివాసీల గూడెం కనిపిస్తుంది. ఆ కొండలు వాళ్లవి.

సింకోనాలో ఎక్కువ క్వినైన్ ఇచ్చే రకం బొలీవియాలో ఉండేది. ఆ చెట్టును చూడగానే గుర్తుపట్టే మనిషి మాన్యుయెల్ ఇంక్రా మామాని, అయ్‌మారా ఆదివాసి. చార్లెస్ లెడ్జర్ అనే ఇంగ్లీషు వ్యాపారి దగ్గర పనిచేసేవాడు. మంచు పడి పూత మాడిపోతుంటే ఏళ్ల తరబడి ఓపిక పట్టి, 1865లో మంచి విత్తనం తెచ్చి ఇచ్చాడు. ఇంగ్లీషు ప్రభుత్వం ఆ విత్తనాన్ని కొనలేదు. డచ్చి వాళ్లు కొంచెం కొని జావాలో మొలిపించారు. తర్వాత ప్రపంచానికి కావలసిన క్వినైన్‌లో ఎక్కువ భాగం ఆ జావా తోటల నుంచే వచ్చింది. మామానిని మాత్రం విత్తనాలు దాటించాడని పట్టుకుని, ఎవరికి ఇచ్చావో చెప్పమని కొట్టారు. ఆయన చెప్పలేదు. ఆ దెబ్బలతోనే చనిపోయాడు. ఆ రకం సింకోనాకు పెట్టిన పేరు లెడ్జెరియానా. మామాని పేరు పలక మీద లేదు.

ఆ మందు కోట్ల ప్రాణాలు కాపాడింది. అది మంచి. ఆ మంచికి మూలమైన మనిషి దెబ్బలు తిని చచ్చాడు. అది అన్యాయం. ఈ రెండూ నిజమే. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాచవద్దని మా మనవి.

ఇప్పుడు మన కాలానికి దగ్గరగా వద్దాం. కేరళలో తిరువనంతపురం దగ్గర పాలోడ్‌లో ఒక బొటానికల్ గార్డెన్, పరిశోధన సంస్థ ఉంది. 1979లో పెట్టారు. ఇప్పుడు దానికి జవహర్‌లాల్ నెహ్రూ పేరు ఉంది. 1987లో డాక్టర్ పుష్పాంగదన్ నాయకత్వంలో శాస్త్రవేత్తల బృందం అగస్త్య కొండలెక్కింది. దారి చూపించింది కాణి ఆదివాసీలు. శాస్త్రవేత్తలు అలిసిపోయి చతికిలబడుతుంటే, కాణి వాళ్లు ఏవో చిన్న కాయలు నములుతూ హుషారుగా నడుస్తున్నారు. ఏమిటవని అడిగితే ముందు చెప్పలేదు. అది తమ జాతి రహస్యం అన్నారు. చాలా బతిమాలితే మొక్క చూపించారు. దాని పేరు ఆరోగ్యపచ్చ, అడవి నీడలో పెరిగే చిన్న మొక్క.

ఆ సంస్థ దాని మీద పరిశోధన చేసి, ఇంకో మూడు మొక్కలు కలిపి జీవని అనే మందు తయారు చేసింది. 1990ల మధ్యలో కోయంబత్తూరులోని ఒక ఆయుర్వేద మందుల కంపెనీకి తయారీ హక్కు ఇచ్చింది. 10 లక్షల రూపాయల ఫీజు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ. వచ్చిన దానిలో సగం కాణి ప్రజలకు ఇస్తామంది. 1997లో కాణి వాళ్ల పేరున ఒక ట్రస్టు రిజిస్టరైంది. 1999లో 5 లక్షలకు పైగా డబ్బు ఆ ట్రస్టుకు చేరింది. ఆదివాసుల జ్ఞానానికి ఒక గార్డెన్ వాటా పంచిన ఉదాహరణగా ప్రపంచమంతా దీని గురించి చెప్పుకుంది.

కానీ కాణి గూడేలకు వెళ్లి అడిగితే కథ ఇంకా ఉంది. దారి చూపిన వాళ్లు ఒక పంచాయతీ వాళ్లు. మిగతా ప్రాంతాల కాణి వాళ్లు "మమ్మల్ని ఎవరు అడిగారు?" అన్నారు. మందు చెప్పే పెద్దలు కొందరు మా విద్యను అమ్మవద్దని ఎదురు చెప్పారు. ఆకు పెంచి అమ్ముకుందామంటే అడవి నుంచి తేవడానికి అటవీశాఖ అభ్యంతరం చెప్పింది. అమెరికాలో ఇంకో కంపెనీ జీవని అనే పేరును తన వ్యాపార గుర్తుగా రిజిస్టరు చేసుకుంది. వాటా పంచాలన్న బుద్ధి ఉంది. ముందుగా ఊరంతా కూర్చుని "సరే" అనుకునే ఏర్పాటు లేదు. కొండ దారిలో అలసిన మనిషి అడిగితే ఇద్దరు ముగ్గురు చెప్పారు. అదే జాతి మొత్తం చెప్పినట్టయింది.

ఇక్కడ మనలో రెండు రకాల ఆలోచనలు ఉన్నాయి, సమావేశంలో మేము విన్నాం. కొందరు యువకులు "ఏదీ ఎవరికీ చెప్పొద్దు" అంటారు. ఇంకొందరు "అన్నీ వీడియో తీసి పెట్టేద్దాం, లేకపోతే పెద్దలతోపాటు పోతాయి" అంటారు. రెండింటిలోనూ న్యాయం ఉంది. మూసిపెడితే అవ్వతోపాటు పోతుంది. వీడియో పెడితే మన చేతిలో నుంచి పోతుంది. మేము ఆలోచించి ఒక దారికి వచ్చాం. చెట్టు పేరు వేరు, చెట్టు మందు వేరు. పేరు అందరిదీ, రాద్దాం, గట్టిగా చెబుదాం. మందు ఎవరింట్లో ఉందో వాళ్లది, ఊరిది. గ్రామసభ ఒప్పుకుంటే తప్ప అది కాగితం మీదకీ, ఫోన్‌లోకీ ఎక్కకూడదు.

దీనికి చట్టం అండ కూడా ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, ఊరి మొక్కలు, పశువులు, జ్ఞానం నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద మన సముదాయానికి హక్కు ఉందని చెబుతుంది. పట్టాల గురించి మాట్లాడినంతగా మనం ఈ సెక్షన్ గురించి మాట్లాడలేదు. 2023లో జీవవైవిధ్య చట్టానికి సవరణ వచ్చింది. గ్రంథాల్లోకెక్కిన సంప్రదాయ జ్ఞానం వాడుకునే వాళ్లకు కొన్ని మినహాయింపులు ఇచ్చింది. మన జ్ఞానం గ్రంథాల్లో లేదు, నోళ్లలో ఉంది. కాబట్టి ఏది ఎక్కడ రాస్తున్నామో తెలిసి రాయాలి. మీ పంచాయతీకి వెళ్లి రిజిస్టరు ఉందా, ఉంటే ఎవరు చెబితే రాశారు అని అడగండి. అడగడం మీ హక్కు.

ఇక పని సంగతి. మా సంఘం భవనం వెనక పది సెంట్ల స్థలంలో మేమూ ఒక చిన్న మొక్కల తోట మొదలుపెట్టాం. మొదటి ఏడాది నలభై మొక్కలు తెచ్చాం. ఉత్సాహంలో ఏది ఎక్కడి నుంచి తెచ్చామో ఎవరమూ రాయలేదు. నీడ మొక్కలను ఎండలో పెట్టాం. మేకలు కొన్ని తిన్నాయి. వేసవి దాటేసరికి సగం పోయాయి. మిగిలిన వాటిలో ఒక తీగ ఏమిటో ఇప్పటికీ మాలో ఎవరికీ తెలియదు. తెచ్చిన అబ్బాయి పనికి వెళ్లిపోయాడు. ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది.

రెండో ఏడాది నుంచి పద్ధతి మార్చాం. అది మీకు చెబితే మీరు మీ ఊళ్లో, మీ ఆశ్రమ పాఠశాలలో చేసుకోవచ్చు. డబ్బు పెద్దగా అక్కర్లేదు.

ముందు ఒక గట్టి అట్ట పుస్తకం కొనండి. ప్రతి మొక్కకు ఒక నంబరు. దాని ఎదురుగా మొక్క పేరు మన భాషలో, తెలుగులో, ఏ కొండ, ఏ వాగు, తేదీ, విత్తనమా, మొలకా, పేరు చెప్పిన వాళ్ల పేరు, వాళ్ల ఊరు. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. శాస్త్రీయ నామం ఖాళీ ఉంచినా ఫర్వాలేదు, కాలేజీలో బోటనీ చదివే మన పిల్లలు తర్వాత రాస్తారు. చెప్పిన వాళ్ల పేరు ఖాళీ ఉంచితే మాత్రం మళ్లీ దొరకదు.

అదే నంబరును రేకు ముక్క మీద మేకుతో గీసి మొక్కకు కట్టండి. రంగు రెండు వానలకు పోతుంది, గీత పోదు. చెట్టుకు బిగించి కట్టవద్దు, మాను లావెక్కితే తీగ కోసుకుపోతుంది.

అడవిలో మొక్కను వేళ్లతో పెకలించవద్దు. విత్తనం తెండి, అదీ ఒకే చెట్టు కింద కాదు, దూరం దూరంగా ఉన్న పది పన్నెండు చెట్ల కింద కొంచెం కొంచెం ఏరండి. ఒంటరి మగచెట్టు కథ చెప్పాం కదా. పిట్టలకూ, నేలకూ వదిలిన తర్వాతే మన వాటా. గుగ్గిలం, పనస, మామిడి అయితే తెచ్చిన రోజే మట్టిలో పెట్టండి. మా ఇరవై రోజుల తెలివి మీకు వద్దు.

తోటలో పెరిగిన మొక్కలో సగం తిరిగి కొండకు వెళ్లాలి. మా తోటలో మొలిచిన నరమామిడి మొక్కలను వానాకాలంలో పోడు అంచుల్లో నాటాం. కొన్ని నిలిచాయి. తోట నిండడం కాదు, కొండ నిండడం లెక్క.

పట్నంలో చదువుకుంటున్న వాళ్లకు ఇంకో పని. మీ దగ్గర్లోని బొటానికల్ గార్డెన్‌కు వెళ్లండి. మన చెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటి పలకల మీద మన భాషల పేర్లు పెట్టమని అర్జీ రాయండి. పేర్లు తప్పు లేకుండా మనమే ఇద్దాం. అక్కడ పనిచేసే వాళ్లు మనకు శత్రువులు కాదు. రిజిస్టరు తెచ్చి చూపిన ఆ బాబు లాంటి వాళ్లు చాలామంది ఉంటారు. మన వాళ్లు కూడా అక్కడ తోటమాలులుగా, పరిశోధకులుగా, అధికారులుగా చేరాలి. రిజిస్టరు రాసే కుర్చీలో మనం కూర్చుంటే "స్థానికులు" అని కాకుండా మనిషి పేరు రాస్తాం.

తెల్లమద్దిని చేత్తో గుర్తుపట్టిన ఆ అవ్వ పోయినేడు వెళ్లిపోయింది. ఆమెకు తెలిసిన చెట్లలో మేము రాసుకున్నవి అరవై రెండు. ఆమెకు ఎన్ని తెలుసో మాకు లెక్క లేదు. మా పుస్తకంలో మొదటి నంబరు తెల్లమద్దిది. చెప్పిన వారు అనే గడిలో ఆమె పేరు, ఊరు ఉన్నాయి. మందు గడి ఆమె చెప్పినట్టే ఖాళీగా ఉంది. అది ఆమె మనవరాలికి చెప్పింది. ఆ అమ్మాయి ఇక్కడే, మీలో కూర్చుని ఉంది.

మీ ఊళ్లో అలాంటి అవ్వ, తాత ఇంకా ఉన్నారు. ఈ సభ అయిపోయాక ఇంటికి వెళ్లి, వాళ్లతో ఒక పూట కొండకు నడవండి. పుస్తకం, కలం పట్టుకెళ్లండి. ముందు అడగండి, తర్వాత రాయండి.

జోహార్. జై ఆదివాసీ.